మేస్త్రీ గొట్టం

మెళియాపుట్టి ఎత్తు దగ్గర
జీపు మళ్ళీ ఆగిపోయింది.
వెనక కూర్చున్న చింతపండు మూటల వాళ్ళు
మాట్లాడకుండా దిగి, మాట్లాడకుండా నడిచిపోయేరు.
తిట్టినా బాగుణ్ణు.

నాకన్నా ఏడాది పెద్దది ఈ బండి.
ఫిల్టరు మార్చేను. టాంకీ దించి కడిగేను,
అడుగున పిడికెడు తుప్పూ, ఎవరిదో చొక్కా గుండీ.
బేటరీ మీద అనుమానపడి, అది అమ్మిన బావమరిదితో
మాట పోగొట్టుకున్నాను.
టెక్కలి మెకానిక్కు బానెట్ ఎత్తకుండానే
"పంపు పోయింది, ఎనిమిది వేలు" అన్నాడు.
ఎటు నుంచి లెక్కెట్టినా అవి ఎనిమిది వేలే.

ఆదివారం, పాతపట్నంలో, మా వాకిట్లో
గోనె పరుచుకుని దాని కింద పడుకున్నాను.
నీలవేణి బియ్యం ఏరుతూ అంది:
"ఆగిపోయే ముందల అది ఏటంతాదో ఇన్నావా?
ఎక్కిళ్ళొచ్చినట్టు నాలుగుసార్లు అంతాది.
ఆకలి కాదది. గాలి మింగుతంది."

గాలి.
రబ్బరు గొట్టం నల్లగా ఉంటుంది,
లోపల ఏం పోతోందో చెప్పదు.
గవరయ్య మేస్త్రీ ఇంటికి పోయి
గోడల మట్టం చూసే తెల్ల గొట్టం అడిగేను.
"రేపు శ్లాబు పనుంది. సాయంత్రానికి తెచ్చీ."

నల్లది తీసి తెల్లది తొడిగి సెల్ఫ్ కొడితే
వచ్చేయి,
ఆవగింజలంత బుడగలు,
రేషన్ షాపు దగ్గర నిలబడ్డంత బుద్ధిగా
ఒకదాని వెనక ఒకటి.
వీటికోసమా నేను బావమరిదిని దొంగన్నాను?

ఒక్కో జాయింటూ వెనక్కి వెతుక్కుంటూ పోతే
టాంకీ మూతి దగ్గర, బోల్టు కింద, రాగి వాచరు.
అర్ధరూపాయంత లేదు.
ఏళ్ళ తరబడి బిగించి బిగించి
గట్టిపడి, అతకడం మానేసింది.

కొత్తది కావాలంటే శ్రీకాకుళం. ఆదివారం కొట్లు మూత.
నీలవేణి పట్టకారుతో దాన్ని పొయ్యి మీద పట్టింది.
దానిమ్మ గింజ రంగు తిరిగేక
చెంబు నీళ్ళలో వదిలితే చుయ్యిమంది.
ఉక్కయితే ఈ పనికి బిగుసుకుపోతుంది.
రాగి మెత్తబడుతుంది.
సాలూరు లారీ షెడ్డులో కుర్రాణ్ణిగా ఉన్నప్పుడు
తెలుసు నాకిది. మధ్యలో మరిచిపోయేను.

స్క్రూ వదులు చేసి చేతి పంపు నొక్కితే
నురగ. మళ్ళీ నురగ.
బొటనవేలు నొప్పెట్టేక, సూటిగా డీజిలు.
ఇంజను అందుకుంది.
తెల్ల గొట్టంలో ఏమీ కనబడలేదు.
ఆ ఏమీ కనబడకపోవడాన్ని
పావుగంట చూస్తూ కూర్చున్నాం ఇద్దరం,
బియ్యం చేట అలాగే వదిలేసి.

బావమరిదికి ఫోన్ చేసేను. ఎత్తలేదు.

గొట్టాన్ని సర్ఫు నీళ్ళతో మూడుసార్లు కడిగేను.
గవరయ్య వాసన చూసేడు, నన్ను చూసేడు.
"శ్లాబంతా డీజిలు కంపు కొడితే
ఇంటోళ్ళకి ఏటి సెప్పమంతావు?"
మట్టం మాత్రం సరిగ్గానే చూపిస్తుందన్నాను.