అగర చెరువు, ఎడమ మోకాలు

నాలుగో కిలోమీటరు. ప్రతిసారీ అక్కడే,
కట్టమీద నేరేడురంగు గేటు దాటగానే
నా ఎడమ మోకాలు మొరాయిస్తుంది.

నా దగ్గర లెక్కలున్నాయి.
పదకొండు నెలల ఎక్సెల్ షీటు:
నిద్ర, నాడి, అడుగులు, గుడ్లు,
బూట్ల వయసు కూడా.
వారానికి పది శాతం పెంచుకుంటూ పోతే
ఉగాదికల్లా ఇరవై ఒక్క కిలోమీటర్లు.
స్కేలు పెట్టి గీసినట్టుంది గీత.
మోకాలు మాత్రం షీటు చదవలేదు.

ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు.
ఆ ఏమీ లేకపోవడానికి పన్నెండొందలు.
బూట్లు మార్చాను, తైలం మార్చాను,
స్కూటరు విప్పినవాడిలా
ఒక్కో మర బిగించి, కిక్కు కొట్టి చూశాను.

చివరికి కబ్బన్‌పేటలో ఒక గరడి మనె.
ఎర్రమట్టి, పసుపు, పాత చెమట వాసన.
చిక్కమునియప్పకి డెబ్బై మూడు.
కుస్తీల్లో నలిగిన చెవులు, వేయించిన అప్పడాల్లా.
మోకాలు ముట్టుకోనైనా లేదు.
"ఏ పక్కకి తిరిగి పండుకుంటావు?
నమిలేది ఏ వైపు?
ఇంట్లో ఎవరికి బాగాలేదు?"

కాలు చూడమంటే ఇల్లు చూస్తున్నాడేమిటని
కాసేపు గింజుకున్నాను.
తర్వాత చెప్పాను.
జూన్ నుంచి అర్ధరాత్రి కాల్స్.
కుడి దవడలో పీకించుకోని పన్ను.
సుభాషిణి ఆస్పత్రిలో ఉన్న పంతొమ్మిది రాత్రులు
ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి
కునికిన కునికిపాట్లు.
ఆ పంతొమ్మిది నా షీటులో
'నిద్ర: 5 గం.' అని పడ్డాయి.

ఆయన మట్టి పిసుకుతూ అన్నాడు:
"మడివాళ నిండితే అగరకొస్తుంది.
అగర నిండితే బెళ్ళందూరుకి.
నురగ లేచేది బెళ్ళందూరులో.
గట్టున నిలబడి నురగని తిడితే ఏమొస్తుంది సామీ?"

మరి ఏం చెయ్యను?
"వారం పరిగెత్తొద్దు. తిను. పండుకో.
కండ ఇక్కడ పెరగదు, ఇక్కడ చిరుగుతుంది.
పెరిగేది నీ మంచంమీద.
ఆమెట్లా వచ్చి ఈ మట్టి తవ్వు, ఒక అరగంట."

తవ్వాను. పన్ను పీకించాను.
రాత్రి కాల్స్ రెండు తగ్గాయి, ఒకటి తగ్గలేదు.
సుభాషిణి మెల్లగా మెట్లెక్కుతోంది,
ఆమె పక్కన నేనూ అంతే మెల్లగా.
ఏది పనిచేసిందో తెలీదు.
షీటులో 'కారణం' గడి
ఖాళీగా ఉంచడానికి
నాకు మూడు రోజులు పట్టింది.

ఇవాళ ఐదో కిలోమీటరులో గుర్తొచ్చింది,
గేటెప్పుడు దాటానో చూడనేలేదు.
కుడి మడమలో మాత్రం ఏదో చిన్న గుసగుస.
విన్నాను. నడకలోకి దిగాను.

ఇక్కడ చినుకు లేదు.
కట్ట పొడిగా, ఆకాశం తెల్లగా.
కాలవలోంచి మాత్రం
ఎర్రటి నీళ్ళు దిగుతున్నాయి.
ఎగువన ఎక్కడో
రాత్రి వాన పడ్డట్టుంది.