పొట్టేలు వాటా

ముడుమాలల ఎండ ముదరకముందే
నిఖత్ పర్వీన్ టేపు పరిచేది.
నిలువురాళ్ల నీడలు కొలిచే చదువు ఆమెది,
టేపు రెండో కొస పట్టే కూలి నాది.
దినానికి నాలుగొందలు, ఛాయ్ వేరే.

"ఇవి మనుషులు బిడ్డా" అన్నది మా అవ్వ, గొంగడి దులుపుకుంట.
"కళ్లంల జొన్నలు తూర్పారబట్టేటోళ్లు.
ఆకలిగొన్న ముసల్దానికి చాటెడు గింజలు పెయ్యలే.
నిలబడ్డోళ్లు నిలబడ్డట్టే రాయైండ్రు."
నిఖత్ రాసుకున్నది,
ఏ రాయి ఎన్ని అడుగులో దాని పక్కనే.

పగటీలి జొన్నరొట్టె, పుంటికూర.
నీడలు కాళ్ల కిందికి ముడుచుకున్నయి, పని లేదు.
అప్పుడు చెప్పింది దూరపు రాయి ముచ్చట.

అరామీలట.
మొదట గుడారాలోళ్లు, గొర్రెలోళ్లు,
మా కుర్మోళ్ల లెక్క మంద ఎనుక ఊరిని మోసినోళ్లు.
తర్వాత దమస్కు, అర్పాదు, సమాల్ అని కోటలు కట్టి
పిడుగును పిడికిట పట్టిన హదదుకు మొక్కినోళ్లు.
అసూరు రాజులొచ్చి ఒక్కొక్క కోట పడగొట్టి
జనాన్ని నారు పెరికినట్టు పెరికి
వేరే నేలల నాటిండ్రట.
నాటిన కాడల్లా వాళ్ల మాట మొలిచింది,
గెలిచినోని కచేరీలనే కూసొని లెక్కలు రాసింది.

"పాలమూరు లేబర్" అన్న నేను.
ఆమె నవ్వలే.

సమాల్‌ల ఒక కొలువుగాడు
బతికుండంగనే తన రాయి చెక్కించుకున్నడట.
కుర్చీల కూసొని గిన్నె ఎత్తిన బొమ్మ,
ముంగట బల్ల మీద రొట్టెలు, బాతు.
ఏటేటా హదదుకు ఒక ఎద్దు,
సూర్యునికి ఒక పొట్టేలు,
ఈ రాయిల ఉన్న తన పానానికి ఇంకో పొట్టేలు,
ఖరారుగ రాయించిండట.
పానానికి వాళ్ల మాట నబ్ష్.
"మా నానీ నఫ్స్ అంటుండె" అన్నది నిఖత్,
"దాయాది మాటలు. ఎక్కడి సమాల్, ఎక్కడి షాసాబ్ గుట్ట!"

అవ్వ నమిలే రొట్టె ఆపి అడిగింది:
"ఆ పొట్టేలు ఇంకా ఇస్తుండ్రా?"
"లేదవ్వా. మ్యూజియంల నిలబెట్టిండ్రు. మంచిగ లైట్లు పెట్టిండ్రు."
"లైట్లు తింటడా?"

మా చిన్నాయన మాశప్ప
పుణెల పదకొండో అంతస్తు పరంజా మీదికెళ్లి పడ్డడు.
కాల్చేసినం అని ఫోన్ల చెప్పిండు మేస్త్రి.
ముఠా మనుషులే ముఠా నదిల కలిపిండ్రు బూడిద.
ఆ ఎండకాలమే మా చేను కొసకు
మోకాలెత్తు బండ ఒకటి వచ్చి నిలబడ్డది.
బొమ్మ లేదు, పేరు లేదు,
రాత రాదు అవ్వకు.
గెట్టురాయి అనుకున్న నేను.
పదిహేనేండ్లు దాని మీదనే కూసొని బీడీలు తాగిన.

ఆ పొద్దు అవ్వ
మిగిలిన సగం రొట్టె కొంగుల కట్టుకొని
గట్టెంబడి నడిచింది. ఎనుక మేము.
బండ ముంగట రొట్టె పెట్టి, మన్ను తుడిచి
"పొట్టేలు యాడ తేవాలె కొడుకా" అన్నది.

నా బీడీకట్ట నేను జేబుల లోపలికి తోసుకున్న.

నిఖత్ టేపు తీసింది.
ఎత్తు, పంతొమ్మిది అంగుళాలు.
రాయి నంబరు రాసే గడిల
అవ్వను అడిగి మాశప్ప అని రాసింది.
నీడ రాసే గడిల ఏం రాయలే.
పొద్దు గూకి చాన సేపైంది.