గాలి తిప్పేవాడు

త్రియెస్తెలో, మా నాటకశాల తెర వెనక
నా ఉద్యోగం గాలి.
చెక్క పీపా, దాని మీద బిగించిన కిత్తాను గుడ్డ,
పక్కన ఒక ఇనుప పిడి.
మెల్లగా తిప్పితే సందులో గాలి.
భుజం పెట్టి తిప్పితే బోరా,
కొండ మీంచి దిగి టోపీల్నీ పెంకుల్నీ
సముద్రానికి అప్పజెప్పే మా ఊరి గాలి.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తిప్పుతున్నాను.
కుడి భుజం ఎడమదాని కంటే పెద్దది. దర్జీకి తెలుసు.

ఈ ఏడు ఆ పాత సినిమాని
పాటల నాటకం చేస్తామన్నారు.
నలుపు తెలుపు బొమ్మ, మా వీధుల్లోనే తీశారు.
మా అమ్మ ఏడుసార్లు చూసిందట,
అందులో రెండుసార్లు టికెట్టు కొని.
బోరా రోజుల్లో వీధుల వెంట తాళ్ళు కట్టేవారు,
జనం పట్టుకుని నడవడానికి.
ఒకే తాడుకి అటు చివర చేపల బుట్టతో ఆమె,
ఇటు చివర ఉత్తరాల సంచీతో అతను.
చెయ్యి మార్చి చెయ్యి, మధ్యకి వస్తారు.
దాటాలంటే ఒకరు వదలాలి.
ఎవరూ వదలరు.
అతను వంగి ఆమె చెవిలో ఏదో అంటాడు,
గాలి మింగేస్తుంది.
ఆమె నవ్వుతుంది. తెర నిండా, గోడంత నవ్వు.
అక్కడితో సరి.

ఏమన్నాడు?
అరవై ఏళ్ళుగా కాఫీ కొట్లలో ఇదే తగువు.
పెళ్ళాడదామన్నాడని చేపల బజారు,
నీకో ఉత్తరముందన్నాడని తపాలా వాళ్ళు,
"నువ్వే వదులు" అన్నాడని మా నాన్న.
మా నాన్న దేన్నీ వదిలింది లేదు. అది వేరే కథ.

దర్శకుడు ఎలీజో అన్నాడు:
చివరి వరసకి పెదవులు కనపడవు,
గోడంత నవ్వు మన దగ్గర లేదు,
కాబట్టి ఇక్కడ పాట పడాలి.
న్యాయమే. కెమెరా నడిచి వెళ్ళే చోటికి
మనం పాటనే పంపాలి.
ఒర్నెల్లా వచ్చి తాడు కట్టినంత తేలిగ్గా
బాణీ కట్టింది.
మాటలు ముడి పడలేదు.
పద్నాలుగు రకాలు రాశారు.
అన్నిట్లోనూ సముద్రం ఉంది, ఆరింటిలో గుండె.
ఏదీ గాలికి పోగలిగేంత తేలిక మాట కాదు.

చివరికి ఆమెనే పిలిపించారు.
నేరీనా గారు. ఎనభై నాలుగు.
నాలుగు మెట్లకోసారి ఆగుతూ వచ్చి
మా మధ్య కూర్చుని, చేతి తొడుగులు
ఒక్కో వేలూ లాగి తీసి, అంది:
"ఏమన్నాడా?
మీసం ఊడిపోతోంది, చూడవే, అన్నాడు.
ఒక పక్క జిగురు వదిలేసింది.
నవ్వాపుకోలేకపోయాను.
మళ్ళీ తీద్దామంటే ఫిల్ము లేదు."

ఎలీజో మొహం చూడాలి.
ఒర్నెల్లా పియానో మూత మూసింది, తెరిచింది, మూసింది.
మీసం మీద పాట ఎవడు పాడతాడు?
పెళ్ళి మాటే ఖాయం చేశారు. సముద్రం కూడా ఉంది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ నా పీపా దగ్గర నిలబడింది.
పిడి మీద చెయ్యేసి చూసింది.
"ఆ రోజు ఆకు కదల్లేదు, తెలుసా.
పాత విమానం పంకా ఒకటి తెప్పించారు.
దాని వెనక ఓ కుర్రాడు, మసి మొహంతో.
ఆ హోరులో అతనికేం వినపడుతుంది?
అయినా మేం నవ్వామని తనూ నవ్వాడు.
ముగ్గురం నవ్వాం నాయనా,
ఇద్దరమే బొమ్మలో పడ్డాం."

మొదటి రాత్రి.
తాడు. ఇటు అతను, అటు ఆమె.
మధ్యకి వచ్చారు.
వయొలిన్లు కమానులెత్తాయి.
అతను నోరు తెరిచాడు.
నేను భుజం పెట్టాను.

కిత్తాను గుడ్డ ఎప్పుడూ అలా అరవలేదు.
చివరి వరసకి బాణీ చేరింది, మాట చేరలేదు.
అందరూ ముందుకు వంగారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.
మూడో వరసలో ఒక్కరే నవ్వారు,
తెర లేని చోట,
గోడంత.

మర్నాడు జీతంలో కోత. సంతకం పెట్టి
కాఫీకి వెళ్ళాను.
పక్క బల్ల దగ్గర ఇద్దరు, గొంతులు పెంచి:
ఇంతకీ ఏమని పాడాడు?
నాకు వినపడితేగా!
పెళ్ళాడదామనే అయ్యుంటుంది.
నీ మొహం, ఉత్తరం గురించి.

నేను పంచదార కలుపుకుంటున్నాను,
ఎడమ చేత్తో.