గులాబీ రంగు చుక్క

జుమకాదిర్ డాక్టర్ జీపులో
వెనక సీటు లేదు.
దాని చోట ఒక గడ్డిమోపు, రెండు తాళ్ళు,
సున్నం వాసన వేసే బకెట్టు,
గుడ్డ చుట్టిన మందుల పెట్టె.
గేరు మార్చినప్పుడల్లా పెట్టె దగ్గుతుంది.
ముందు సీట్లో నేను,
నా ఒళ్ళో తెల్లటి పింగాణీ పలక.

"అది పగిలిందా, నిన్ను దారిలో దింపేసి
దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పాతిపెడతా" అంటాడు.
నరీన్ నుంచి కొండెక్కే దారంతా
ఆయనకున్న హాస్యం ఇదొక్కటే.
నాలుగేళ్ళుగా అదే.

కొల్‌ఖోజ్ మూతపడ్డ ఏడాది
జీతం బదులు పదకొండు గొర్రెలిచ్చారట.
చేతి తొడుగులు ఇవ్వలేదు.
ఆ చలికాలమంతా
ఈచుకుపోయిన ఆవుల కడుపుల్లోంచి
వట్టి చేతుల్తోనే మాయ తీశాడు.
చెయ్యి తిరిగినవాడని ఈ లోయల్లో పేరు.

ఇప్పుడా చెయ్యి
జాడీ మూత కూడా తిప్పలేదు.
సాయంత్రమయ్యేసరికి జ్వరం,
తెల్లారేసరికి పిండితే నీళ్ళు కారే చొక్కా.
"వయసు" అంటాడు.
యాభై మూడేళ్ళు.

గుర్రాన్ని దొడ్లో నాలుగడుగులు నడిపించి
"ఏ కాలు?" అని అడుగుతాడు.
నాకు నాలుగూ బాగానే కనిపిస్తాయి.
"నోరు లేదని నమ్మకు.
తోడేలు చూస్తుందేమోనని
గుర్రం కూడా కుంటుని దాస్తుంది.
చెవి చూడు."
చెవి చూస్తాను.
వెనక ఎడమ కాలు.

నిన్న అనార్కుల్ అవ్వ దగ్గరికి వెళ్ళాం.
ఆమెకున్నది ఒక్కటే ఆవు.
నుదుట తెల్ల చార, పేరు కష్కా.
మెడ నరం దొరకబుచ్చుకుని రక్తం తీశాను.
అది గడ్డకట్టి పైన నీరు తేలేదాకా
ఉప్పేసిన టీ తాగుతూ కూర్చున్నాం.
మనవడి పెళ్ళి సంగతి చెప్పింది అవ్వ.
డాక్టర్ కప్పుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని
కీళ్ళు కాచుకున్నాడు.

పలక మీద ఆవు చుక్క,
దాని పక్కన సీసాలోంచి గులాబీ రంగు చుక్క.
పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు ఊపాలి.
నున్నగా ఉంటే ఆవు ఇక్కడే ఉంటుంది.
పాలు విరిగినట్టు రవ్వలు తేలితే
కాగితం నేను రాయాలి,
లారీ వాళ్ళు వస్తారు.

రెండో నిమిషంలోనే విరిగింది.

అవ్వ ఏడవలేదు, అరిచింది.
"తొమ్మిదేళ్ళుగా దీని పాలు తాగుతున్నా,
నాకేమయింది?
పింగాణీ ముక్క చెబితే
నా ఆవు చావాలా?"

డాక్టర్ మాట్లాడలేదు.
చొక్కా చెయ్యి పైకి మడిచి
నా ముందు చాపాడు.
"తియ్యి."

మళ్ళీ టీ. మళ్ళీ ఆ ఎదురుచూపు.
ఈసారి ఎవరూ పెళ్ళి సంగతులు మాట్లాడలేదు.
గుమ్మంలోంచి కష్కా నెమరు వినిపిస్తోంది.

ఆవు చుక్క పక్కనే ఆయన చుక్క.
ఊపుతుంటే నా చేతులు వణికాయి,
వణుకు కూడా ఊపులో కలిసిపోయింది.
అవ్వ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.
"రెండూ ఒకటే" అంది చాలాసేపటికి.
"ఒకటే" అన్నాడు.
"నన్ను లారీ ఎక్కించరు, అంతే."

కాగితం రాశాను.
పొద్దుటి పాలు గోతిలో పోసింది అవ్వ,
మేం చూస్తుండగానే, చివరి బొట్టుదాకా.
తరువాత ఒక సంచి కురుత్ తెచ్చి
జీపులో విసిరింది, తిట్టినట్టు.
అవి గొర్రెపాలవని
గట్టిగా మరీ చెప్పింది.

తిరుగుదారిలో గేరు పడలేదు.
ఆయన చేతి మీద నా చెయ్యి వేసి తోశాను.
పెట్టె దగ్గింది.
పలక నా ఒళ్ళోనే ఉంది.
దింపేస్తానని అనలేదు.

వంతెన దాటగానే ఎవరో లాంతరు ఊపారు.
ఆడగుర్రం, మధ్యాహ్నం నుంచి నొప్పులట.
ఉన్న ఒక్క జత తొడుగులు
నా వైపు విసిరి
కళ్ళు మూసుకుని గోడకి ఆనుకున్నాడు.
"నీ చెయ్యే నా చెయ్యి. చెప్పు, ఏం తగులుతోంది?"
"ముక్కు. ఒక గిట్ట."
"రెండోది?"
"వెతుకుతున్నాను."
"వెతుకు" అన్నాడు.