ఐదు సెంటీమీటర్లు

పరీక్ష కాగితం మీద మూడో ప్రశ్న:
ఛాతీ ఎన్ని సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి?
ఇరవై రెండేళ్ల సర్వీసు నాది.
పక్కన కొత్త పిల్ల కెజియా
పెన్ను మూత పెట్టేసి కిటికీలోంచి చూస్తోంది.
నేను రెండు అని రాసి, కొట్టేసి,
మళ్లీ రెండే రాశాను.
రెండంగుళాలని నర్సింగ్ స్కూల్లో చెప్పే ఉంటారు.
అంకె మిగిలింది, అంగుళం ఎక్కడో జారిపోయింది.

గుంటూరు పెద్దాసుపత్రి, మేడ మీద గది.
చాప మీద నడుము దాకానే ఉన్న మనిషి.
కాళ్లు లేవు, పేరు లేదు,
కేస్ షీటు లేదు, వరండాలో ఏడ్చేవాళ్లు లేరు.
నోట్లోంచి స్పిరిట్ వాసన.
"మోచేతులు వంచకండి సిస్టర్,
భుజాల బరువు దిగాలి."
చెప్పే కుర్రాడికి మా పెద్దాడి వయసు.

నొక్కాను.
బొమ్మ ఏమీ అనలేదు.
ఇంకా గట్టిగా.
ఊహూఁ.
మోకాళ్ల నొప్పిని పళ్ల కింద పెట్టి
ఎండుమిరపకాయల రోలు ముందు మా అమ్మలాగా
నడుములోంచి మొత్తం నేను దిగితే
టక్కుమంది.

అదీ లోతు.
దంపడమంటే రోకలి దించడమొక్కటే కాదే,
పూర్తిగా లేవనియ్యాలి, అనేది అమ్మ.
గుండే అంతేనట.
వదిలినప్పుడే నిండుతుందట.

టక్, టక్, టక్.
ముప్పై దాకా అందరూ పైకి లెక్కపెడుతున్నారు.
నేను పదిహేడు దగ్గర ఆగిపోయాను.

పదిహేడో నంబరు మంచం.
మిర్చి యార్డు హమాలీ, గోరంట్ల కోటయ్య.
చొక్కా విప్పితే ఆ ఘాటుకి వార్డంతా తుమ్మింది.
నవ్వుకున్నాం కూడా, ఆయనతో సహా.
తెల్లవారుజామున డాక్టరు మెట్లెక్కి వచ్చేలోగా
ఈ చేతులే
మోచేతులు వంచి
చంటిబిడ్డని జోకొట్టినట్టు...
పక్కటెముక విరుగుతుందేమోనని జాలిపడి.

ఆయన భార్య నా మణికట్టు పట్టుకుని
"ఇంక చాల్లే తల్లీ, నీ చేతులు నొప్పెడతాయి" అంది.
పదకొండేళ్లుగా ఆ మాటని
మెడల్లాగా దాచుకున్నాను.

ఎముక అతుక్కుంటుంది సిస్టర్, అంటున్నాడు కుర్రాడు
ఇంకెవరికో, గదిలో ఆ చివర.

బొమ్మ ఛాతీ మీద నా అరచేతులు అలాగే ఉన్నాయి.
కెజియా వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.
ఏమైందని అడగలేదు.
"నేను తీసుకుంటా మేడమ్."

పక్కకి జరిగాను.
నా చేతుల వేడి ఆరకముందే
ఆ పిల్ల చేతులు అక్కడ ఆనాయి,
మోచేతులు నిటారుగా.

పద్దెనిమిది, అంది.