రెండోవాడు

218లో స్త్రీల సీటు ఖాళీగా ఉంటే
కూర్చుంటాను.
అంచు మీదే. చూపు ఫుట్‌బోర్డు మీద.
ల్యాబ్‌లో నా రేడియో కూడా అంతే:
లైసెన్సున్నవాడు మాట్లాడనప్పుడు
గబగబా నాలుగు ప్యాకెట్లు విసిరి,
అతను గొంతు సవరించుకుంటే చాలు, లేచిపోవాలి.

అమీర్‌పేటలో ఒకావిడ ఎక్కింది, చేతిలో కరివేపాకు సంచి.
లేచాను.
ఎర్రగడ్డ దగ్గర బండి కదల్లేదు.
అక్కడ బఫర్‌లో నా మాటలు
ఒకదాని వీపు మీద ఒకటి.
ఆలస్యానికి సూత్రం రాశాను, మూడేళ్లు పట్టింది.
సగటున ఎంతసేపు నిలబడాలో చెబుతుంది,
ఏ స్టాపులో కాళ్లు లాగుతాయో చెప్పదు.

మియాపూర్ దాటాక ఆవిడ
కిటికీ వైపు జరిగింది,
సంచి ఒళ్లోకి తీసుకుంది.
ఏమీ అనలేదు.

ఈ జరగడానికి
నా సమీకరణంలో అక్షరం లేదు.