బొటనవేలి జిడ్డు

గాజు పళ్ళెం తిరుగుతుంటుంది.
దాని కింద ఒక ఉక్కు గోలీ.
రెంటి నడుమ, వెంట్రుకను వెయ్యి పొరలుగా చీల్చినా
ఒక్క పొర పట్టని ఇరుకులో
నూనె చుక్క తన బతుకేదో తాను బతుకుతుంటుంది.

నేను అక్కడికి ఆకుపచ్చ వెలుగును పంపుతాను.
పోయిన వెలుగులో కోటికొక్కటి
రంగు మార్చుకుని తిరిగొస్తుంది.
ఆ మారిన రంగే నాకు కబురు:
లోపల అణువులు నిలబడ్డాయా,
ఒరిగాయా,
నలిగి తెగిపోయాయా.

కాజీపేటలో ఈ పనికి రాత్రే దిక్కు.
రాత్రి కూడా పూర్తిగా మనది కాదు.
"బెల్లంపల్లి బొగ్గు బండొస్తంది మేడం, ఆపుండ్రి"
అంటాడు ఓదెలు.
బల్ల కింది గాలిదిండ్ల కంటే ముందు
అతని అరికాళ్ళకు తెలుస్తుంది.
యాభై తొమ్మిది వ్యాగన్లు లెక్కపెడతాం.
గోడ మీది క్యాలెండర్ వణుకు ఆగాక
మళ్ళీ మొదటి నుంచి.

ముప్ఫై ఒక్కేళ్ళు డీజిల్ షెడ్డులో చేసి
రిటైరయ్యాక రోజుకూలీ మీద మా ల్యాబుకొచ్చాడు.
స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు, పిడి చెవికి ఆన్చి
ఏ బేరింగు ఏడుస్తుందో చెప్పినవాడు.
పాత నూనెను రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి
"ఇది అలిసింది" అనేవాడట.
మూడు రోజులకు రిపోర్టు వచ్చేది,
అదే మాట, అంకెల్లో.

ఆముదం మాత్రం నాకు లొంగలేదు.
పరకాల మిల్లు నుంచి సీసాలో తెచ్చుకున్నది.
లేజరు తగలగానే తనే వెలిగిపోతుంది;
బరాత్‌లో డీజే ముందు నిలబడి
చెవిలో చెప్పిన మాటలా
నా అణువుల గుసగుస అందులో మునిగిపోతుంది.
నెలన్నర.
గైడుకు రాసిన మెయిళ్ళన్నీ ఒకటే వాక్యం:
వచ్చే వారం చూస్తాను సార్.

విసుగొచ్చి ఆ రాత్రి
రంగూ రుచీ వాసనా లేని నూనె పోశాను,
దవాఖానా నీళ్ళంత శుభ్రమైనది.
రెండూ నలభైకి
రాపిడి ఉన్నట్టుండి పడిపోయింది.
తెర మీద, ఏమీ ఉండకూడని చోట
ఒక మొన లేచింది.
ఉలవగింజంత.
నా నూనెలో అలాంటి బంధమే లేదు.

సీసాను అనుమానించాను.
గాజును, అసిటోన్‌ను, నన్ను.
నాలుగున్నరకు ఓదెలు తన చెయ్యి తానే చూసుకున్నాడు.
"గోలీ జారబోయింది మేడం.
పట్టుకున్న.
గ్లౌజ్ లేకుండె."

మనిషి చర్మం ఊరించిన జిడ్డు.
తలలు ఉక్కుకు ఆన్చి, తోకలు పైకెత్తి
వరినారులా ఒత్తుగా నిలబడి
అంత గాజు బరువునూ రెండు గంటలు మోసింది.
ఇంజన్లకు నూనె పెట్టీ పెట్టీ అలవాటైన వేలు
ఎవరూ అడక్కుండానే
ఇంకో యంత్రానికి పెట్టింది.

పేపర్లో దానికి ఒక్క మాటే చోటు: కలుషితం.
ఆ లెక్క కొట్టేశాను.
గోలీని అసిటోన్‌లో ముంచాను, మూడుసార్లు.

"కూలీల కోస్తరా మేడం?"
లేదన్నాను.
ఇంకేదో అనాలనిపించింది గాని
ఆ మాటకు తగిన నూనె నా నాలుక మీద లేదు.

అతను నల్లా కింద చాలాసేపు చేతులు కడిగాడు,
గోళ్ళ సందులు కూడా,
ఏదో దొంగిలించినవాడిలా.
ఆ వెనక నేను ఫైలు పేరు మార్చి దాచుకున్నాను:
ఓదెలు, కుడిచెయ్యి, మార్చి పద్నాలుగు.

తడిచేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి
ఒక్క క్షణం నేలను విన్నాడు.
"బండొస్తంది, ఆపుండ్రి" అన్నాడు.
అప్పటికి ఏదీ తిరగడం లేదు.
అయినా ఆపినట్టే
స్విచ్చు మీద చెయ్యి పెట్టాను.